నాన్నమ్మ పెట్టెలో దొరికిన ఎర్ర రుమాలు తేలియానా, ప్రింటా?

వేటపాలెంలో మీ నాన్నమ్మగారి ట్రంకు పెట్టెలో రెండడుగుల పైచిలుకు చదరంగా ఉన్న ఎర్ర రుమాలు దొరికిందని రాశారు. చుట్టూ వెడల్పాటి ఎర్ర అంచు, మధ్యలో గళ్ళు, ఆ గళ్ళలో విమానాలు, గడియారాలు, తెల్లచుక్కలు. దగ్గరగా పెట్టుకుంటే ముక్కిపోయిన నూనె వాసన వస్తోందన్నారు. తేలియా అంటే నూలుకు నూనె పట్టించి, పోగులకు ముందే బొమ్మ లెక్కన రంగు వేసి నేసే చీరాల వైపు రుమాలు. ఒక బట్టల వ్యాపారి "తేలియాలో విమానాలుండవు, ఇది ప్రింటు" అన్నారట. ఇంకొకాయన వాసన చూసి "అసలైన తేలియా, రెండొందల ఏళ్ళ నాటిది" అన్నారట. ఇప్పుడు దీన్ని ఉతకొచ్చా, ఫ్రేము కట్టించొచ్చా, డాలస్‌లో ఉన్న మీ అక్కకు పంపొచ్చా అని మీ ప్రశ్న.

ముందుగా, ఆ ఇద్దరి మాటా పక్కన పెట్టండి. విమానం బొమ్మ ఉన్నంత మాత్రాన తేలియా కాకుండా పోదు. నూనె వాసన వచ్చినంత మాత్రాన అయిపోదు. పెట్టెలో పక్కన ఏ ఆముదం సీసానో ఒలికినా బట్టకు ఆ వాసన పడుతుంది. అసలైన తేలియా అయినా దశాబ్దాల పాటు గాలికి ఉంటే వాసన పోవచ్చు. ఈ బట్టలో బొమ్మ నేత కంటే ముందే పోగులో ఉంటుంది. కాబట్టి చూడాల్సింది పోగునే.

పగటి వెలుగులో కూర్చుని ఒక భూతద్దం తీసుకోండి. ఎర్రటి నేల మధ్యలో ఉన్న తెల్లచుక్క ఒకటి ఎంచుకుని, దాని నడిమి భాగం చూడండి. అక్కడ నిలువు పోగులు, అంటే పడుగు, తెల్లగా ఉన్నాయా? అడ్డపోగులు, అంటే పేక, కూడా తెల్లగా ఉన్నాయా? రెండూ తెల్లగా ఉంటే పడుగులోనూ పేకలోనూ ఆ చోటు రంగు అంటకుండా కట్టారన్నమాట. అదే జంట చిటికి, ఇంగ్లిషులో డబుల్ ఇకత్ అంటున్నది. ఒక్క పడుగుకే గానీ ఒక్క పేకకే గానీ చిటికి కట్టి, రెండోది నిండు ఎరుపులో ఉంచితే ఇలాంటి సాదా నేతలో చుక్క స్వచ్ఛమైన తెలుపు కాలేదు. తెల్లపోగు ఒకటి, ఎర్రపోగు ఒకటి కలిసి లేత గులాబీగా కనిపిస్తుంది. జంట చిటికిలో కూడా ఆ గులాబీ రంగు ఉంటుంది, కానీ బొమ్మ అంచుల్లో మాత్రమే. తెల్ల పడుగు మీదికి ఎర్ర పేక కాస్త జరిగిన చోట, ఎర్ర పడుగు మీదికి తెల్ల పేక జారిన చోట సగం రంగు వస్తుంది. బొమ్మ అంచు మెట్లు మెట్లుగా, కాస్త చెదిరినట్టు ఉంటుంది. మీరు పంపిన దగ్గరి ఫొటోలో ఈ రెండూ కనిపిస్తున్నాయి. చుక్క నడుమ తెలుపు, అంచున గులాబీ. నాకు ఇది ప్రింటులా అనిపించడం లేదు.

అయినా ఫొటో చూసి తీర్పు చెప్పకూడదు. ఇంకో పరీక్ష ఉంది, బట్టకు హాని చేయనిది. పాత రుమాళ్ళు ఒకే పడుగు మీద ఒకదాని తర్వాత ఒకటి నేసి, తర్వాత విడదీసేవారు. అందుకే చదరానికి రెండు ఎదురెదురు వైపుల నేత అంచు గట్టిగా ఉంటుంది, మిగతా రెండు వైపులా కత్తిరించిన చెరగు ఉంటుంది. కత్తిరించిన వైపు ఇప్పటికే ఊడి వేలాడుతున్న అడ్డపోగు ఏదైనా ఉందేమో చూడండి. దాన్ని లాగకుండా, ఊడిన మేరకే భూతద్దం కింద చూడండి. చిటికి కట్టిన పోగైతే రంగు పొడుగు పొడుగు ముక్కలుగా ఉంటుంది. ఇంత మేర ఎరుపు, ఇంత మేర తెలుపు, ఇంత మేర నలుపు, ఒక్కో ముక్క చివర రంగు కొంచెం పాకి ఉంటుంది. పోగు చుట్టూతా ఒకటే రంగు. ప్రింటు బట్టలోంచి వచ్చిన పోగైతే పైకి వచ్చిన చోట రంగు, ఇంకో పోగు కిందికి దూరిన చోట తెలుపు, ఇలా సన్నసన్న చుక్కలుగా కనిపిస్తుంది. బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటే ఇకత్ అని చాలామంది చెబుతారు. ఇప్పటి ప్రింటులు కొన్ని వెనక్కి కూడా బాగానే దిగుతున్నాయి కాబట్టి ఆ ఒక్క గుర్తునే నమ్ముకోకండి. చెరగున ఊడిన పోగు లేకపోతే మాత్రం కొత్తగా ఊడదీయొద్దు, తెల్లచుక్క పరీక్ష చాలు.

ఈ పని ఎంత కష్టమో తెలిస్తే ఆ చుక్కను చూసే తీరే మారిపోతుంది. అడ్డపోగును ముందు ఆసు మీద పోస్తారు. ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు, వాటి మధ్య పోగును ఇటూ అటూ తిప్పుతూ పోవాలి. ఆ విసనకర్ర ఆకారం మీదే లెక్క ప్రకారం బొగ్గుతోనో రంగుతోనో గీతలు గీసి, తెల్లగా మిగలాల్సిన చోట్ల బిగించి కడతారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో సైకిలు ట్యూబు చీలికలతో కడుతున్నారు. ఎరుపులో ముంచి, ఆరబెట్టి, ఎర్రగా మిగలాల్సిన చోట్ల మళ్ళీ కట్టి నలుపులో ముంచుతారు. పడుగుకూ ఇదే పని విడిగా చేయాలి. తర్వాత మగ్గం ఎక్కించి, పేక ఒక్కో వరుస పడ్డప్పుడల్లా దాని తెల్లముక్క పడుగు తెల్లముక్క మీద కూర్చుందా లేదా చూసి, అవసరమైతే సూదితో సర్దుకుంటూ నేస్తారు. ఒక చోట అరంగుళం తప్పితే ఆ వరుస గళ్ళన్నీ తప్పుతాయి. ఇలా పడుగూ పేకా రెండూ కట్టి నేసే సంప్రదాయం ప్రపంచంలో మన దేశం, ఇండోనేషియాలోని బాలి దీవి, జపాన్ లాంటి కొద్ది చోట్లే నిలిచింది. గుజరాత్‌లోని పాటన్ పటోలా పట్టులో చేసేదాన్ని మనవాళ్ళు చీరాల, పుట్టపాకల్లో నూలులో చేశారు.

ఆసు పోసే పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళదే. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు పైకీ కిందికీ ఆడాలి. భుజాలు పట్టేసి, చూపు మందగించి, అయినా మానకుండా తరాల తరబడి చేశారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే అవస్థ చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మ్యూజియంలో రుమాలు పక్కన పెట్టే చీటీ మీద నేసినవారి పేరే అరుదు, ఆసు పోసినామె పేరైతే నేనెక్కడా చూడలేదు. మీ నాన్నమ్మగారి ఇంట్లో మగ్గం ఉండేదా, ఆసు ఎవరు పోసేవారు, పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే అడిగి రాసిపెట్టండి. బట్ట విలువలో అది సగం.

ఇక నూనె సంగతి. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్ళలో నానబెట్టి తేర్చిన క్షారజలంలో నూనె కలుపుతారు. అది పాలలా తెల్లగా మారుతుంది. అందులో నూలు చిలపల్ని ముంచి, తొక్కి, పిసికి, ఎండలో ఆరేసి, మళ్ళీ ముంచుతారు. ఇది రోజుల తరబడి సాగే పని. ఎందుకంటే నూలుకు రంగు పట్టించడం ఉన్నికీ పట్టుకూ పట్టించినంత సులువు కాదు. రంగును పోగుకు పట్టి ఉంచడానికి వాడే పటిక నూలు మీద సరిగ్గా నిలవదు. బూడిద నీళ్ళలోని క్షారం నూనెను విడగొడుతుంది, ఎండలో ఆ కొవ్వు పదార్థం పోగుకు గట్టిగా అంటుకుంటుంది. పటికలోని అల్యూమినియం దాన్ని పట్టుకుంటుంది, ఆ పైన ఎరుపు వచ్చి అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. ఒకదానికొకటి చేతులు పట్టుకున్న ఈ వరుస వల్లే ఎన్ని ఉతుకులు ఉతికినా ఎరుపు దిగదు. యూరప్‌లో టర్కీ రెడ్ అని పేరుపడ్డ ఎరుపు కిటుకు కూడా ఇదే. 18వ శతాబ్దం నడిమికి గానీ ఫ్రాన్స్ రంగరులకు అది చేతికి రాలేదు. అదీ గ్రీకు రంగరులు వెళ్ళి నేర్పితే వచ్చింది.

కోస్తాలో పాతకాలపు ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. ఆ వేరులో ఎర్రదనం ఇచ్చేవాటిలో ముఖ్యమైనది అలిజరిన్. 1868లో జర్మనీలో గ్రేబె, లీబెర్మాన్ అనే రసాయన శాస్త్రవేత్తలు అదే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తర్వాత డబ్బాల్లో వచ్చే అలిజరిన్ మన రేవులకూ చేరి, చిరివేరును చాలావరకు పక్కకు నెట్టేసింది. తేలియా రుమాళ్ళలో మనకు దొరికేవి ఎక్కువగా ఈ అలిజరిన్ కాలానివే. కంటితో చూసి ఇది చిరివేరు, ఇది డబ్బా రంగు అని ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఎర్రని అణువు రెండింటిలోనూ ఒకటే. ప్రయోగశాలలో పోగు ముక్కను పరీక్షిస్తే వేరులో ఉండే మిగతా చిల్లర రంగులు బయటపడతాయి, అప్పుడు తెలుస్తుంది. కాబట్టి "మొక్కల రంగు, రెండొందల ఏళ్ళు" అని చేత్తో తడిమి చెప్పేవారిని నమ్మి ధర కట్టకండి, కట్టించుకోకండి కూడా. అలిజరిన్ అని తేలితే బట్ట తక్కువదైపోయినట్టు కొందరు మాట్లాడతారు. నేను ఒప్పుకోను. రంగు డబ్బాలో వచ్చినా బూడిద, నూనె, తొక్కుడు, ఎండ, చిటికి, నేత అన్నీ మనుషుల చేతులే చేశాయి.

వయసు విషయంలో మీ రుమాలు మనకు మంచి ఆధారం ఇచ్చింది. అది విమానమే. మన దేశంలో విమానం మొదట ఎగిరింది 1910లో. 1932 అక్టోబరులో కరాచీ నుంచి బొంబాయి, బళ్ళారి మీదుగా మద్రాసుకు టాటాల టపా విమానం మొదలైంది. జనం నోట విమానం మాట ఎక్కువగా ఆడింది ఆ రోజుల్లోనే. చీరాల రుమాళ్ళలో కూడా 1930ల ప్రాంతంలోనే విమానాలు, గడియారాలు, గ్రామఫోన్లు, సింహాలు, ఏనుగులు రావడం మొదలైంది. అంతకు ముందు గళ్ళు, నక్షత్రాలు, చతురస్రాల్లో చతురస్రాలు, అన్నీ గీతల లెక్కలే. ఎక్కువ సరుకు అరబ్బు దేశాలకూ, ఆఫ్రికా తూర్పు తీరానికీ, బర్మాకూ వెళ్ళేది. వ్యాపారంలో దానికి ఆసియా రుమాలు అని పేరు. అరబ్బులు తలకు చుట్టుకునేవారు. ఇక్కడ జాలర్లు, పశువుల కాపర్లు మొలకూ తలకూ కట్టుకునేవారు. హైదరాబాదులో నవాబుల ఇళ్ళ ఆడవాళ్ళకు దుపట్టాలుగానూ వెళ్ళింది. ఇలా విదేశీ ఎగుమతి, ఊరి వాడకం రెండూ ఉన్న బట్ట కనుక నేతగాడు చూసినదీ విన్నదీ గళ్ళలోకి వచ్చింది. విమానాన్ని గళ్ళ లెక్కలోకి కుదించడం చిన్న పని కాదు, వంపు ఉన్న ప్రతి గీతనూ మెట్లుగా మార్చాలి. తేలియాలో విమానం ఉండదన్న వ్యాపారి గీతల రుమాళ్ళు మాత్రమే చూసి ఉంటారు. నా అంచనా ప్రకారం మీది 1930, 40ల మధ్యది. ఇంకా వెనక్కి పోయే అవకాశం చాలా తక్కువ.

మరి తర్వాత చేసిందై ఉండదా అని అడగొచ్చు. ఉండొచ్చు. చీరాలలో ఈ పని మందగించాక తెలంగాణ వైపు, ముఖ్యంగా పుట్టపాకలో నిలబడింది. అక్కడి గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీలు వచ్చాయి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పాత నమూనాలు చూసి వాళ్ళు మళ్ళీ నేసినవి అద్భుతంగా ఉంటాయి. కానీ మీ నాన్నమ్మగారి పెట్టె వేటపాలెంలో ఉంది, పక్కనే చీరాల. ఆమె పెళ్ళినాటి బట్టల కింద, అడుగున దొరికిందన్నారు. అడుగున వేసిన పాత పేపరు ఉంటే పారేయకండి, దాని మీద తేదీ ఉంటుంది.

ఉతకడం గురించి గట్టిగా చెబుతున్నాను, వద్దు. ఎరుపు దిగుతుందని కాదు, ఎరుపుకు ఏమీ కాదు. భయం నలుపుతో. ఎరుపుకు పటిక వాడినట్టే నలుపుకు ఇనుప ఉప్పు వాడతారు. ఆ ఇనుము ఏళ్ళ తరబడి పోగును లోపల్నుంచి తినేస్తుంది. పాత రుమాళ్ళలోనూ, పాత కలంకారీలోనూ నల్లగీతలున్న చోటే ముందు చీలడం, పొడిగా రాలడం చూస్తాం. పైకి బాగానే కనిపిస్తుంది, నీళ్ళు తాగి బరువెక్కి, పిండేసరికి నల్లగీత వెంట చిరిగిపోతుంది. డ్రైక్లీనింగుకు ఇస్తే ఆ యంత్రం తిప్పుడుకు ఇంకా ప్రమాదం. వాసన భరించలేనంతగా ఉంటే నీడలో, గాలి తగిలే గదిలో, ఉతికిన తెల్ల గుడ్డ మీద పరిచి కొన్ని రోజులు ఉంచండి. ఎండలో ఆరేయొద్దు, అగరొత్తుల పొగ పట్టించొద్దు, సెంటు చల్లొద్దు. దుమ్ము ఉంటే బట్ట మీద సన్నని నెట్ గుడ్డ పరిచి, వాక్యూమ్ క్లీనర్‌ను అన్నిటికంటే తక్కువ వేగంలో పెట్టి పైపైన ఆడించండి. నూనె మరకలు తీయాలని సబ్బు రాయొద్దు, అందులో కొంత మరక కాదు, ఆ బట్ట తయారైన తీరే.

దాచేటప్పుడు మడత పెట్టకండి. అట్టగొట్టానికి ముందు యాసిడ్ లేని టిష్యూ కాగితం చుట్టి, దాని మీద రుమాలును వదులుగా చుట్టి, పైన గంజి పెట్టని పాత మల్లుగుడ్డ కప్పండి. గంజి ఉంటే దాన్ని తినడానికి వెండి పురుగులు (సిల్వర్‌ఫిష్) వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో ఏళ్ళ తరబడి ఉంచితే తేమ చేరి బూజు పడుతుంది. కలరా ఉండలు బట్టకు తగలకూడదు, నేనైతే అసలు వాడను. వేపాకు వేయాలంటే గుడ్డలో మూటగట్టి పక్కన పెట్టండి, ఆకు బట్ట మీద పడితే మరక అవుతుంది. ఇనుప పెట్టెలో నేరుగా పెట్టొద్దు, తుప్పు మరకలు మళ్ళీ పోవు. కోస్తా తేమకు ఏడాదిలో ఒకటి రెండుసార్లు, వానలు వెనక్కి తగ్గాక, తీసి చూసి మళ్ళీ చుట్టాలి.

ఫ్రేము కట్టించొచ్చు, కానీ గ్లాసుకు బట్ట తగలకూడదు, జిగురు వాడకూడదు, మేకులు కొట్టకూడదు. లోపల నూలు గుడ్డ పరిచిన పలక మీద సన్నని దారంతో అక్కడక్కడ కుట్టి నిలబెట్టించాలి. హాల్లో కిటికీ ఎదురుగా వద్దు. నన్నడిగితే ఒక మంచి ఫొటో పెద్దది చేసి ఫ్రేము కట్టించుకోండి, రుమాలును చీకట్లో ఉండనివ్వండి. చిరిగిన చోట కుట్టడం, అతుకు వేయడం ఇంట్లో చేయొద్దు. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలో భద్రపరిచే విభాగం ఉంది. లక్నోలో ఇదే పనికి జాతీయ ప్రయోగశాల ఉంది. ముందు ఫొటోలతో ఉత్తరం రాసి సలహా అడగండి. బ్లౌజు ముక్కగా కత్తిరించే ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించండి. విమానాల రుమాలు కావాలనుకుంటే ఈ నమూనాను పుట్టపాకకు తీసుకెళ్ళి కొత్తది నేయించుకోవచ్చు. ఖర్చవుతుంది, నెలలు పడుతుంది, కానీ ఆ డబ్బు మగ్గం మీద కూర్చున్నవారికి చేరుతుంది. నమూనా కోసం అసలు బట్టను మగ్గం దగ్గర వదిలి రాకండి, గళ్ళు లెక్కపెట్టుకునేలా స్కేలు పెట్టి తీసిన ఫొటోలు వాళ్ళకు సరిపోతాయి.

చివరిగా డాలస్ సంగతి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువును మామూలు మనుషులు దేశం బయటికి తీసుకెళ్ళకూడదు, అందులో బట్టలూ వస్తాయి. మీ రుమాలుకు నా అంచనా ప్రకారం ఇంకా నూరేళ్ళు నిండలేదు. అయినా ఎయిర్‌పోర్టులో అనుమానం వస్తే "మా నాన్నమ్మది" అంటే సరిపోదు. భారత పురావస్తు శాఖ వారికి చూపించి, ఇది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకున్నాకే పంపండి. పార్సిల్లో వేయొద్దు, మీ అక్క ఈసారి వచ్చినప్పుడు చేతి సంచిలో గొట్టంతో సహా తీసుకెళ్ళమనండి. దానికంటే ముందు రెండు వైపులా, నాలుగు మూలలా, తెల్లచుక్క నడుమ దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. నల్లగీతల దగ్గర పోగు తెగి ఉంటే ఆ ఫొటో విడిగా పంపండి, ఎంతవరకు చుట్టొచ్చో అది చూసి చెబుతాను.